సర్కారు వకీలు ఎవరి వకీలు?

మా నాయిన గద్వాల కోర్టులో వకీలు గుమాస్తా. బడికి పోయింది నిజాం కాలంలో, అదీ ఉర్దూ మీడియంలో. తెలుగు రాత ఆ తర్వాత కోర్టు కాగితాల మీదే నేర్చుకున్నాడు. అందుకే మా ఇంట్లో తీర్పును ఫైసలా అనేవాళ్లం, కేసు కట్టను మిస్లు అనేవాళ్లం. కోస్తా వాళ్లు వాయిదా పడిందంటే మేము తారీకు పడ్డదంటాం. అప్పీలు కాగితాలు ఎర్రగుడ్డలో మూటగట్టుకొని నాయిన తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు పోయేవాడు. రాత్రి తిరిగొచ్చి, అన్నం ముందు కూర్చొని, హైకోర్టు ముచ్చట్లు చెప్పేవాడు.

అట్లాంటి ఒక రాత్రి నేను మొదటిసారి ఏజీ అనే మాట విన్నాను. కోర్టు హాల్లో ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడట. అంతవరకు గట్టిగా వాదిస్తున్న వకీలు మాట ఆపి కూర్చున్నాడట. జడ్జి కూడా చేతిలో కలం కింద పెట్టి వింటున్నాడట. "సర్కారు వకీళ్లందరికీ ఆయన పెద్ద. ఏజీ సాబ్ అంటరు" అన్నాడు నాయిన. మూసీ ఒడ్డున 1920లో తెరిచిన ఆ ఎర్రరాతి కట్టడాన్ని నేను చూడకముందే, అందులో ఆ ముందు వరుస కుర్చీని నాయిన మాటల్లో చూశాను.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడ్డాయి. గద్వాల కోటలోపలి కాలేజీలో డిగ్రీ, ఉస్మానియాలో లా చదివాను. వనపర్తిలో ఒక సీనియర్ దగ్గర ఎనిమిదేళ్లు జూనియర్‌గా ఉన్నాను. ఆ తర్వాత కొన్నేళ్లు హైకోర్టులో, అడ్వకేట్ జనరల్ (నాయిన చెప్పిన ఏజీ ఆయనే) కింద పనిచేసే సహాయ ప్రభుత్వ న్యాయవాదుల్లో ఒకదాన్ని. భూసేకరణ ఫైళ్లు చూసేదాన్ని. ఇప్పుడు నాగర్‌కర్నూలులో ప్రాక్టీసు. మా పక్క జనం పేపర్లో ఏజీ అన్న పేరు చదువుతారు గానీ, ఆయన ఎవరు, ఏం చేస్తాడు, ఎక్కడినుంచి వస్తాడు అని అడిగితే, సర్కారు పెట్టుకున్న పెద్ద వకీలు అని ఆగిపోతారు. ఆ జవాబు సగమే. మిగతా సగం నాకు తెలియజెప్పింది ఒక రైతు.

ఆయనది కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు ముంపు ఊరు. జూరాలకు 1981లో శంకుస్థాపన జరిగింది, 1995 నాటికి గాని నీళ్లు నిలవలేదు. ఆ మధ్య కాలంలో పోయిన భూములకు 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం డబ్బు కట్టారు. ఇచ్చింది తక్కువ అనుకున్న రైతు, ఆ చట్టం 18వ సెక్షన్ కింద, తన కేసును సివిల్ కోర్టుకు పంపమని అడిగే వీలుండేది. మా దగ్గర వాటిని ఓపీలు అంటారు. ఓపీ పడని ముంపు ఊరు లేదంటే అబద్ధం కాదు. సబ్ కోర్టు ఆయన భూమికి రేటు పెంచింది. దానిమీద సర్కారు హైకోర్టుకు అప్పీలు వేసింది. ఆ ఫైలు నా బల్ల మీదకొచ్చింది.

ఎట్లా తెలుసుకున్నాడో, నేను గద్వాల మనిషినని తెలుసుకొని వచ్చాడు. తన వకీలుకు చెప్పే వచ్చాడు. కేసు గురించి మాట్లాడకూడదని నేను ముందే చెప్పాను. మాట్లాడలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఒక్కటి మాత్రం అడిగాడు.

"సర్కారంటే మనమే అంటరు గద బిడ్డా. మరి మా మీద కొట్లాడనీకె సర్కారుకు వకీలెందుకు?"

నేను కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చాను. జవాబు ఇవ్వలేకపోయాను.

ఆ సాయంత్రం ఫైలు మళ్లీ తీశాను. రికార్డులో ఆయన భూమి ఖుష్కీ అని ఉంది. ఖుష్కీ అంటే మెట్ట, రేటు తక్కువ. అప్పీలుకు ఆధారమంతా ఆ ఒక్క మాట. కానీ సబ్ కోర్టు సాక్ష్యంలో ఒక దిగుడుబావి మాట ఉంది, దాని కింద ఏటా వేరుశనగ, వరి పండించిన మాట ఉంది, సర్కారు సాక్షే ఆ బావిని ఒప్పుకున్న మాట కూడా ఉంది. మెట్ట అని రాసి ఉన్న ప్రతి చెలకా మెట్ట కాదని కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా గవర్నమెంట్ ప్లీడరు ముందు ఆ పేజీలు పెట్టాను. ఆయన చదివి, శాఖకు రాసే నోటులో ఒకే వాక్యం రాయమన్నాడు: ఇది అప్పీలు నడపదగిన కేసు కాదు.

ఆ వాక్యం రాయడం అంత తేలిక కాదు. శాఖ నుంచి కోపంగా ఫోన్లు వస్తాయి. నువ్వు ఎవరి వకీలువి అని అడుగుతారు. అయితే ఆ నోటుతో పాటు నేను ఒక లెక్క కూడా పంపాను. 1984 సవరణ తర్వాత, కోర్టు పెంచిన డబ్బుకు మొదటి ఏడాది నూటికి తొమ్మిది, ఆ తర్వాత ఏటా పదిహేను వడ్డీ కట్టాలి. పెంచింది లక్ష అనుకుంటే, ఎనిమిదేళ్లు కొట్లాడి ఓడిపోతే వడ్డీయే లక్షా పద్నాలుగు వేలు. అది రైతుకు అందేసరికి ఆయన ఉంటాడో లేడో. కట్టేది మాత్రం ఖజానా, అంటే ఆ రైతు లాంటి వాళ్లే.

నేను చేసింది చిన్న పని. కానీ ఈ పనినే రాష్ట్రమంతటికీ చేసే మనిషి ఒకరు ఉండాలని రాజ్యాంగం అనుకుంది. ఆ మనిషే అడ్వకేట్ జనరల్.

రాజ్యాంగం 165వ అధికరణం చిన్నది. ప్రతి రాష్ట్రానికి ఒక అడ్వకేట్ జనరల్ ఉండాలి. నియమించేది గవర్నరు, అంటే ఆచరణలో మంత్రివర్గం చెప్పిన పేరు. హైకోర్టు జడ్జి కావడానికి ఉండాల్సిన అర్హత ఆయనకూ ఉండాలి. అంటే హైకోర్టులో పదేళ్ల వకాలతు, లేదా పదేళ్లు న్యాయాధికారి ఉద్యోగం. జీతమెంతో, ఎన్నాళ్లు ఉంటాడో గవర్నరు ఇష్టం. ఇక పని. రాష్ట్ర ప్రభుత్వానికి న్యాయ విషయాల్లో సలహా ఇవ్వడం, అప్పగించిన న్యాయపరమైన పనులు చేయడం, రాజ్యాంగమూ చట్టాలూ పెట్టిన బాధ్యతలు నెరవేర్చడం. ఎన్నిసార్లు చదివినా నా కళ్లు అక్కడే ఆగుతాయి. అన్నిటికన్నా ముందు రాసింది సలహా. కేసు గెలవాలి అన్న మాట ఆ అధికరణంలో ఎక్కడా లేదు.

వయసు గురించి ఒక తగువు నడిచింది. హైకోర్టు జడ్జి రిటైరయ్యే వయసు దాటినవాడు ఏజీ కావచ్చునా అని 1952లో నాగపూర్ హైకోర్టులో ఒకరు అడిగారు. కావచ్చునని తీర్పు వచ్చింది. జడ్జికి వయసు హద్దు ఉద్యోగం ముగించడానికి పెట్టింది, అర్హత తేల్చడానికి కాదు అన్నది అందులోని తర్కం. అందుకే తల పండిన వకీళ్లను ఆ కుర్చీలో చూస్తుంటాం.

ఆ కుర్చీకి అతుక్కొని ఉన్న అధికారాలు జనానికి పెద్దగా తెలియవు. ఓటు లేకపోయినా శాసనసభలో, మండలిలో మాట్లాడే హక్కు 177వ అధికరణం ఏజీకి ఇచ్చింది. ఎన్నిక కాని మనిషి, మంత్రి కాని మనిషి, సభలో లేచి ఈ బిల్లు చట్టానికి నిలవదు అని చెప్పొచ్చు. ఈ హక్కును వాడే సందర్భాలు అరుదు. ఇంకా వాడితే బాగుండునని నా ఆశ. కోర్టులో కొట్టేసేదాకా ఆగి, ఏళ్లు పోగొట్టుకోవడం కన్నా సభలోనే ఆ మాట పడితే మేలు. కోర్టు ధిక్కారం కేసు సంగతి చూడండి. జడ్జిని తిట్టాడని, కోర్టును బజారుకీడ్చాడని ఎవరైనా ఒకరి మీద కేసు వేయాలంటే, 1971 చట్టం 15వ సెక్షన్ ప్రకారం ముందు ఏజీ రాతపూర్వక అనుమతి ఉండాలి. అంటే ఎవడి పగ వాడు కోర్టు పరువు పేరుతో తీర్చుకోకుండా గడపలో నిలబడ్డ మనిషి ఆయన. ధర్మసత్రాల, ట్రస్టుల ఆస్తి తినేస్తుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ఆయనే దావా వేయొచ్చు. ఊరందరికీ ఇబ్బంది కలిగించే పని మీద 91 కింద కూడా అంతే. ఈ రెండు చోట్లా ఆయన మంత్రివర్గం తరపు మనిషి కాదు, జనం తరపు మనిషి. మా రైతు అడిగిన ప్రశ్నకు చట్టంలోనే సగం జవాబు ఉందని నాకు ఇక్కడే తట్టింది.

ఆయన కింద ఉన్న వ్యవస్థ పెద్దది. రెవెన్యూ, హోం, నీటిపారుదల, భూసేకరణ అని శాఖకొక గవర్నమెంట్ ప్లీడరు, వాళ్ల కింద మాలాంటి సహాయకులు. క్రిమినల్ కేసులకు పబ్లిక్ ప్రాసిక్యూటర్ వేరు. రిట్ పడగానే శాఖను పేరావారీ రిమార్కులు అడుగుతాం, అవి వస్తే కౌంటరు రాస్తాం, రాకపోతే కోర్టులో తలవంచుకొని ఇంకో తారీకు అడుగుతాం. అదనపు అడ్వకేట్ జనరల్ అనే పదవి రాజ్యాంగంలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నియామకాల మీద వచ్చిన కేసులోనే 2004లో సుప్రీంకోర్టు తేల్చింది: ప్రభుత్వం తన పనికి ఎందరు వకీళ్లనైనా పెట్టుకోవచ్చు గానీ, రాజ్యాంగం చెప్పిన అడ్వకేట్ జనరల్ ఒక్కరే; ఆయనకు చట్టం ఇచ్చిన పనులు వేరేవాళ్లు చేయలేరు. మోసే భుజాలు ఎన్నైనా, సంతకం ఒక్కటే.

ఇట్లాంటి మనిషి ఎక్కడినుంచి వస్తాడు? మన తెలుగువాళ్లలో ఈ ప్రశ్నకు అందరికన్నా గొప్ప జవాబు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పుదూరులో 1883లో పుట్టాడు. తండ్రి ఏకామ్రశాస్త్రి పౌరోహిత్యం మీద బతికిన మనిషి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, లా చదివి, మద్రాసు హైకోర్టులో చేరాడు. 1929లో మద్రాసు ప్రెసిడెన్సీ అడ్వకేట్ జనరల్ అయ్యాడు, 1944 దాకా ఉన్నాడు. పదిహేనేళ్లు! ఆ పదిహేనేళ్లలో మద్రాసులో ప్రభుత్వాలు మారాయి. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది, 1939లో దిగిపోయింది, ఆపైన గవర్నరు పాలన. ఆ కుర్చీలో మాత్రం అల్లాడి. ఎవరొచ్చినా చట్టం చెప్పే మనిషి ఒకడే ఉండటం ఎట్లా ఉంటుందో ఆ రోజులు చూపించాయి. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవాడూ తెలుగువాడే, పి.వి. రాజమన్నార్. తెలుగులో నాటకాలు రాసిన మనిషి. ఏడాదికే జడ్జి అయ్యాడు, 1948లో మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి.

అల్లాడి రాజ్యాంగ ముసాయిదా సంఘంలోని ఏడుగురిలో ఒకడు. సంఘంలో తనకన్నా సమర్థులు ఉన్నారని చెబుతూ అంబేడ్కర్ రాజ్యాంగ సభలో తీసిన పేరు ఆయనదే. ఏజీ కుర్చీ లోతుపాతులు పదిహేనేళ్లు చూసిన మనిషి ఉన్న సంఘంలోనే 165వ అధికరణం తయారైంది. అది మొదట ఇప్పటిలా లేదు. 1948 ముసాయిదాలో అది 145వ అధికరణం. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే అడ్వకేట్ జనరల్ కూడా పదవి వదలాలి అని అందులో రాశారు. 1949లో చర్చకు వచ్చినప్పుడు ఆ మాట తీసేసి, గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం అని పెట్టారు. ముఖ్యమంత్రితో కట్టిన ముడి కాగితం మీద విప్పేశారు.

నిజంలో విడిపోయిందా? లేదు. ప్రభుత్వం మారితే ఏజీ మారడం ఇవాళ ఆనవాయితీ. తెలంగాణనే చూడండి. 2014లో రాష్ట్రం వచ్చాక మొదటి ఏజీ కె. రామకృష్ణారెడ్డి. 2017లో డి. ప్రకాశ్‌రెడ్డి. 2018లో బి.ఎస్. ప్రసాద్, 2019 ఆర్టీసీ సమ్మె కేసుల్లో, కరోనా పరీక్షల మీద పడ్డ వ్యాజ్యాల్లో రోజూ హైకోర్టు ముందు నిలబడి జవాబు చెప్పింది ఆయనే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 జనవరిలో ఎ. సుదర్శన్‌రెడ్డి వచ్చారు. ఆయనకు అది కొత్త కుర్చీ కాదు. 2011 నుంచి 2014 దాకా ఉమ్మడి రాష్ట్రానికి ఏజీ ఆయనే. రాష్ట్రం రెండయ్యే రోజుల్లో ఒకటిగా ఉన్నదాని తరపున, పదేళ్ల తర్వాత విడిపోయినదాని తరపున నిలబడే అవకాశం అరుదుగా వస్తుంది.

ప్రకాశ్‌రెడ్డి రోజుల్లో జరిగిన ఒక కేసు మా జిల్లాకు సంబంధించింది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. 2018 మార్చి 12న గవర్నరు ప్రసంగం నడుస్తుండగా శాసనసభలో గొడవ జరిగింది. మరునాడు ఇద్దరు కాంగ్రెస్ సభ్యుల సభ్యత్వం రద్దు చేశారు. ఒకరు నల్గొండ నుంచి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి, ఇంకొకరు అలంపూర్ నుంచి ఎస్.ఎ. సంపత్‌కుమార్. అలంపూర్ జోగులాంబ గద్వాల జిల్లాలోదే. ఇద్దరూ హైకోర్టుకు పోయారు. సభలో ఆ రోజు తీసిన వీడియో కోర్టు ముందు పెడతామని అడ్వకేట్ జనరల్ ప్రకాశ్‌రెడ్డి చెప్పారు. ఆ నెల ముగిసేలోగానే ఆయన రాజీనామా చేశారు. పత్రికలు ఆ రెంటినీ కలిపి రాశాయి. ఏప్రిల్ 17న జస్టిస్ బి. శివశంకరరావు ఆ బహిష్కరణను కొట్టేశారు.

ఈ కేసులో రాజకీయం నాకు పట్టదు. నాకు ముఖ్యమైంది కోర్టులో ఏజీ చెప్పే మాట బరువు. మామూలు వకీలు ఏదైనా చెబితే జడ్జి అఫిడవిట్ అడుగుతాడు. ఏజీ లేచి ప్రభుత్వం ఫలానా పని చేస్తుంది అంటే ఆ మాటను అక్కడికక్కడే ఉత్తర్వులో రాసుకుంటారు. ఇళ్లు కూల్చబోమని ఏజీ చెప్పారు అన్న ఒక్క వాక్యంతో రిట్లు ముగిసిపోవడం నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను. ఆ ఒక్క వాక్యం మీద ఎందరో ఆ రాత్రి నిద్రపోతారు. అట్లాంటి మాట కోర్టు నమ్మాలంటే, చెప్పే మనిషి తన ప్రభుత్వానికి కూడా నిజం చెప్పేవాడై ఉండాలి. ఆ రెండు నమ్మకాలూ ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడతాయి. ఒకటి జారితే రెండోది ఆగదు. ప్రభుత్వానికి ఇష్టం లేని సలహా ఇచ్చిన ఏజీని మార్చడం సులువు. మార్చిన తర్వాత వచ్చే ఏజీ మాటకు జడ్జి కలం కింద పెడతాడా అన్నదే నన్ను కలవరపెట్టే ప్రశ్న.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, మా ఈ మూడు జిల్లాలకు ఈ కుర్చీతో ఇంత పని ఎందుకంటే, మాకు ఉన్న తగాదాలన్నీ రాష్ట్రం పేరుతో నడిచేవే. తుంగభద్ర మీద కర్ణాటకలో ఉన్న రాజోలిబండ ఆనకట్ట నుంచి గద్వాల, అలంపూర్ పక్క 87,500 ఎకరాలకు 15.9 టీఎంసీలు రావాలి. చివరి ఊళ్లకు ఆ నీళ్లు నిండుగా వచ్చిన ఏడాది నా ఎరుకలో లేదు. కృష్ణా నీళ్ల పంపకం 2004లో వేసిన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ ముందు ఇంకా నడుస్తూనే ఉంది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనులు ఆపాలని 2021లో గ్రీన్ ట్రిబ్యునల్ అంది. 2023లో సుప్రీంకోర్టు తాగునీటి కోసం 7.15 టీఎంసీల మేరకు పనికి దారి ఇచ్చింది. శ్రీశైలం నీళ్లలో మునిగిన కొల్లాపూర్ పక్క ఊళ్ల వాళ్లు 1986 నాటి 98 నంబరు జీవో పట్టుకొని ఉద్యోగాల కోసం ఇప్పటికీ తిరుగుతున్నారు. వీటిలో కొన్ని చోట్ల రాష్ట్రం మా తరపున నిలబడుతుంది, కొన్ని చోట్ల మాకు ఎదురుగా నిలబడుతుంది. రెండు చోట్లా ఏ మాట చెప్పాలన్న సలహా పెద్ద వకీలు బల్ల మీదనుంచే పోవాలి.

వకాలతు మా నేలకు కొత్త కాదు. గద్వాల పక్క ఇటికలపాడు సురవరం ప్రతాపరెడ్డి మద్రాసులో బి.ఎల్. చదివాడు. కొన్నాళ్లు వకాలతు చేశాడు, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాక ఆయన వాదన అంతా కాగితం మీదకు మళ్లింది. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు. అదే ఏడాది హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు పుట్టింది కల్వకుర్తి పక్క పడకల్‌లో. హైదరాబాదు హైకోర్టులో పేరుమోసిన వకీలు. ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన పిల్లవాడు పి.వి. నరసింహారావు. ఒక వకీలు గది ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే వాళ్లంతా ఊరు దాటి పోవాల్సి వచ్చింది. నా కాలంలోనూ అంతే. జిల్లా కోర్టు అంటే మహబూబ్‌నగర్. గద్వాల నుంచి అక్కడికి పోయి, సాయంత్రం బస్సు అందుకోవాలంటే కేసు పూర్తిగా వినిపించకుండానే లేవాలి. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లాలయ్యాయి. 2022 జూన్ 2న మూడింటికీ సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. ఆ రోజు నాగర్‌కర్నూలు కోర్టు ఆవరణలో నిలబడి నేను నాయినను తలచుకున్నాను. ఆయన మోసిన ఎర్రగుడ్డ మూట ఇప్పుడు నా బీరువా పై అరలో ఉంది.

ఏజీ కావడానికి దారి ఇదీ అని గీసి చూపించలేను. పదేళ్ల హైకోర్టు అనుభవం కాగితం మీది లెక్క. నిజంగా పిలిచేది పాతికేళ్లు, ముప్పై ఏళ్లు నలిగిన వాళ్లను, సీనియర్ అడ్వకేటుగా హైకోర్టు గుర్తించిన వాళ్లను. రాజకీయ పరిచయాలు పనిచేయవని నేను అనను. కానీ ఒక్కటి నా అనుభవంతో చెప్పగలను. సబ్ కోర్టులో సాక్షిని అడ్డసవాళ్లు అడిగిన చెయ్యి హైకోర్టు ఫైలును వేరేగా చదువుతుంది. ఆ చేతికి బావి ఎక్కడుందో తెలుస్తుంది.

నా దగ్గర ఇప్పుడు అచ్చంపేట పక్క నుంచి వచ్చిన ఒక పిల్ల జూనియర్‌గా ఉంది. లా ముగించి రెండేళ్లయింది. కాలువ కింద భూమి పోయిన ఒక విధవరాలి కేసు చూస్తోంది. ఇప్పుడు 18వ సెక్షన్ లేదు; 2013 చట్టం వచ్చాక దారి మారింది, కాగితాలు మారాయి. రికార్డులో మాత్రం అదే ఖుష్కీ. మొన్న రాత్రి దాకా కూర్చొని పాత పహాణీలు తిరగేసి, కరెంటు మోటారు బిల్లులు పట్టుకొచ్చింది.

"మేడం, రేపెప్పుడన్న నన్ను సర్కారు దిక్కు పిలిస్తే పోవాల్నా వద్దా?" అని అడిగింది.

పొమ్మన్నాను. పోతే, ఆ ఫైళ్లలో మన ఊళ్ల పేర్లు చదివి గుర్తుపట్టే మనిషి ఒకరు అక్కడ ఉంటారని చెప్పాను. తర్వాత ఇద్దరం కలిసి ఆ మోటారు బిల్లులను తేదీల వరుసలో పెట్టాం. పొద్దున పదిన్నరకు తారీకు.